చేటలో రాయి

విజయనగరం, మంగళవారం

పొద్దున్నే అమ్మ పైడితల్లి అమ్మవారి గుడికి వెళ్ళింది. నేను ల్యాప్‌టాప్ ముందే ఉన్నాను. నిన్న రాత్రి నుంచి ఒకటే టెన్షన్. మేం రాస్తున్న అడ్మిషన్ల ప్రోగ్రామ్‌లో దరఖాస్తుకి ఐదు సర్టిఫికెట్లు. సరిచూసినదానికి ట్రూ, చూడనిదానికి ఫాల్స్. ఐదూ ట్రూ అయితేనే దరఖాస్తు ముందుకు కదలాలి. అన్నీ కదిలిపోతున్నాయి, ఐదూ ఫాల్స్ ఉన్నవి కూడా.

రాసింది నేనే. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో బూలియన్ అరేని, అంటే ట్రూ-ఫాల్స్ విలువల వరసని, యాజ్‌లిస్ట్ అనే ఆదేశంతో లిస్టుగా మార్చి, అందులో ఫాల్స్ ఉందా అని కంటెయిన్స్‌తో అడిగాను. లేకపోతే అన్నీ ట్రూ అన్నట్టే కదా. చదవడానికి ఎంత నున్నగా ఉందో! అందుకే మూడుసార్లు చదివినా తప్పు దొరకలేదు.

అమ్మ వస్తూ మూడు లాంతర్ల కూడలి దగ్గర కూరలు కొనుక్కొచ్చింది. సంచి గట్టు మీద పెట్టి, చేటలో బియ్యం పోసుకుని ఏరుతూ కూర్చుంది. మూలనున్న బస్తా చూస్తుంటే అప్పుడు వెలిగింది. జావా లిస్టులో బూలియన్, ఇంట్ (పూర్ణాంకం) లాంటి ప్రిమిటివ్, అంటే వస్తువులు కాని మూల విలువలు నేరుగా పట్టవు. అందుకని అరే మొత్తం ఒకే వస్తువుగా లిస్టులోకి వెళ్ళింది. లిస్టులో ఉన్నది ఐదు కాదు, ఒకటి. అంటే నేను గింజల్లో రాయి వెతకలేదు, బస్తాని పట్టుకుని ‘నువ్వు రాయివా?’ అని అడిగాను. కాదనే చెప్తుంది, ఎన్నిసార్లడిగినా.

విలువల్ని వరసగా నడిపించి చూసే స్ట్రీమ్‌లు ఉన్నాయిగా అనుకున్నాను. 2014లో జావా 8తో వచ్చాయవి. కానీ ఇంట్, లాంగ్, డబుల్ అనే అంకెల రకాలకి ప్రత్యేకంగా స్ట్రీమ్ ఇచ్చినవాళ్ళు బూలియన్‌కి మాత్రం ఇవ్వలేదు. ఎందుకో ఈ పిసినారితనం! చివరికి ఒక్కొక్కటే తీసి చూసే పాత ఫర్ లూపే రాశాను. మొదటి ఫాల్స్ కనబడగానే ఆగిపోతుంది. నాన్న బియ్యం బేరం అంతే. గుప్పెడు తీసి చూస్తారు, ఒక్క రాయి తగిలితే కొట్టు దిగిపోతారు. అమ్మకి అలా కుదరదు, రాళ్ళన్నీ ఏరాల్సిందే.

ఇంకో అనుమానం మిగిలింది. అసలు సర్టిఫికెట్లే పెట్టని దరఖాస్తు వస్తే? లూపు ఒక్కసారీ తిరక్కుండా ట్రూ అనేస్తుంది. వేరే భాషల్లో అన్నీ ట్రూనా అని చూసేవి, పైథాన్‌లో ఆల్, జావాస్క్రిప్ట్‌లో ఎవ్రీ కూడా ఖాళీ అరేకి ట్రూ అనే అంటాయి. ఫాల్స్ ఒక్కటీ లేదు కాబట్టి తర్కానికి అదే సరి. నాకే మనసొప్పలేదు.

“అమ్మా, చేటలో బియ్యమే లేవనుకో. రాళ్ళు లేవన్నట్టేనా?”

“బియ్యం లేకపోతే రాళ్ళెక్కడివిరా? లేవు. గానీ మద్దేనం ఏటి తింతావు?”

లూపుకి పైన, పొడవు సున్నా అయితే ఫాల్స్ అని ఒక లైను చేర్చాను.

మధ్యాహ్నం అన్నంలో ఒక రాయి తగిలింది. అమ్మకి చెప్పలేదు.