సైకాలజిస్ట్ దగ్గర మొదటి రోజు

ఈసీజీ బాగుంది, టూడీ ఎకో బాగుంది, థైరాయిడ్ పరీక్ష బాగుంది. రిపోర్టులన్నీ బాగున్నా నేను మాత్రం బాగాలేను. గుంటూరు నుంచి సత్తెనపల్లి వైపు రోజూ బస్సులో స్కూలుకి వెళ్తాను. పేరేచర్ల దాటేసరికి ఉన్నట్టుండి గుండె దడదడలాడేది, చేతులు తిమ్మిరెక్కేవి, ఊపిరి అందేది కాదు. ఇక అయిపోయింది, ఇక్కడే పోతాను అనిపించేది. కాసేపటికి దానంతటదే తగ్గేది. మళ్లీ ఎప్పుడొస్తుందోనన్న భయం మాత్రం రోజంతా ఉండేది. ఒకరు గ్యాస్ అన్నారు, అత్తయ్య దిష్టి తీశారు. చివరికి గుండె డాక్టరుగారే, "అమ్మా, మీ గుండెకేం కాలేదు. ఇవి పానిక్ ఎటాక్స్ లాగున్నాయి, ఒకసారి సైకాలజిస్ట్‌ని కలవండి" అన్నారు.

మా అమ్మ హడలిపోయింది. "నలుగురికీ తెలిస్తే నిన్ను పిచ్చిదంటారే, చెల్లెలి సంబంధాలకి అడ్డొస్తుంది" అంది. ఆవిణ్ణి తప్పుపట్టలేను. మన ఊళ్లల్లో ఆ భయం ఊరికే పుట్టలేదు. మా ఆయన మాత్రం, వెళ్లే ముందు మేం కలవబోయే మేడమ్ క్లినికల్ సైకాలజిస్ట్ (మానసిక సమస్యలకి చికిత్స చేయడానికి శిక్షణ పొందినవారు) అవునో కాదో కనుక్కున్నారు. వాళ్లకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఆ నంబరు అడగడం అమర్యాదేమీ కాదు, అడిగితేనే మంచిది. సైకాలజిస్టులు మందులు రాయరు. మందులు అవసరమనిపిస్తే సైకియాట్రిస్ట్ దగ్గరకి, అంటే మానసిక వైద్యం చేసే డాక్టరు దగ్గరకి పంపిస్తారు.

గదిలో ఒక బల్ల, కుర్చీలు, అంతే. మా ఆయన్ని బయట కూర్చోమన్నారు. "మీరు సరేనంటేనే చివర్లో ఆయన్ని పిలుస్తాను" అన్నారు. మొదట చెప్పింది గోప్యత గురించి. నేను చెప్పేదేదీ ఆ గది దాటదు. నా ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే, లేదా కోర్టు అడిగితే తప్ప. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఈ హక్కు ఇస్తోందని అప్పుడే తెలిసింది. అమ్మ భయానికి నా దగ్గర ఒక జవాబు దొరికినట్టయింది.

"ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదండీ" అన్నాను.

"ఈమధ్య వచ్చినదాని గురించి చెప్పండి. మిగతాది నేను అడుగుతాను."

అలాగే అడిగారు. నిద్ర ఎలా పడుతోంది, కాఫీ ఎన్నిసార్లు తాగుతాను, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా, మొదటిసారి వచ్చేనాటికి జీవితంలో ఏం జరుగుతోంది. నాన్నగారు పోయి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఆయన పోయిందీ గుండెపోటుతోనే. ఆ మాట చెబుతుంటే ఏడుపు ఆగలేదు. ఆవిడ తొందరపెట్టలేదు, ఊరుకోమనీ అనలేదు. గడిచిన రెండు వారాల్లో ఎలా ఉందో టిక్కు పెట్టే రెండు ప్రశ్నపత్రాలు ఇచ్చారు. పీహెచ్‌క్యూ-9 దిగులుకి, గాడ్-7 ఆందోళనకి. "చనిపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా?" అని సూటిగా అడిగారు. ఉలిక్కిపడ్డాను. అందరినీ అడిగే ప్రశ్నేననీ, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదనీ చెప్పారు. మీకూ ఈ ప్రశ్న ఎదురవుతుంది, భయపడకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

నాకు బాగా గుర్తుండిపోయిన ప్రశ్న వేరే ఉంది: "మళ్లీ రాకుండా మీరేం జాగ్రత్తలు తీసుకుంటున్నారు?" తలుపు దగ్గరి సీటులోనే కూర్చుంటాను, నీళ్ల సీసా లేకుండా గడప దాటను, బస్సులో ఉన్నంతసేపూ మా ఆయనతో ఫోన్లో మాట్లాడతాను, బ్యాగులో నాన్నగారి మాత్రల అట్ట పెట్టుకుంటాను. అన్నీ రాసుకుని, ఈ జాగ్రత్తలే భయాన్ని బతికిస్తున్నాయన్నారు. అవి ఉండబట్టే బతికి బయటపడ్డానని మనసు నమ్ముతుందట. గబగబా ఊపిరి పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి చేతులు తిమ్మిరెక్కుతాయనీ, ఆ ఉద్ధృతి సాధారణంగా పది నిమిషాల లోపే పతాకస్థాయికి చేరి, తర్వాత మెల్లగా దిగిపోతుందనీ వివరించారు. నా ఒంట్లో జరిగేదానికి ఒక లెక్క ఉందని తెలియడమే నాకు పెద్ద ఊరట.

ఆ రోజే తగ్గిపోతుందని మాత్రం ఆశించకండి. సలహాలు, ధైర్యవచనాలు ఏమీ లేవు. ముప్పావు గంట మాట్లాడుకున్నాం. ఒక నోటుబుక్కులో రాయమన్నారు: ఎప్పుడొచ్చింది, ఎక్కడ, అప్పుడు ఏమనుకున్నాను, ఎంతసేపు ఉంది. ఇంటికొచ్చి తలనొప్పితో పడుకుండిపోయాను.

అసలు పని తర్వాతి వారాల్లో జరిగింది. గుండె వేగం పెరిగేలా ఉన్నచోటే పరిగెత్తించారు, సన్నని స్ట్రాతో ఊపిరి పీల్పించారు. ఆ దడ వచ్చినా ఏమీ కాదని ఒంటికి నేర్పడమన్నమాట. తర్వాత బస్సు. ముందు మా ఆయనతో, తర్వాత మేడికొండూరు దాకా ఒంటరిగా, ఆపైన ఫోను లేకుండా. మాత్రల అట్ట ఇంట్లో వదిలి వెళ్లడమే అన్నిటికన్నా కష్టమైంది. మధ్యలో, సంక్రాంతి సెలవుల తర్వాత, మళ్లీ గట్టిగా వచ్చింది. అలా రావచ్చని ఆవిడ ముందే చెప్పి ఉండటంతో మానేయలేదు. ఇప్పుడు ఎప్పుడైనా దడ మొదలైతే దిగిపోను, కిటికీ సీటులోనే కూర్చుని రోడ్డు చూస్తూ ఉంటాను. అదే తగ్గుతుంది.

ఫీజు భారమైతే ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్యం ఓపీ ఉంటుంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ (మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ) నంబరు 14416కి పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మొదటి రోజు మీరూ ప్రశ్నలు అడగండి: ఏ పద్ధతిలో చేస్తారు, ఎన్నాళ్లకోసారి రావాలి, తగ్గుతోందని ఎలా తెలుస్తుంది. కొన్నిసార్లు వెళ్లాక కూడా ఆ మనిషి దగ్గర మనసు విప్పలేకపోతే ఇంకొకరిని చూసుకోవచ్చు. అలా మారితే తానేమీ అనుకోనని మా మేడమ్ మొదటి రోజే చెప్పారు.