ముసలాయన ఇంట్ల ఎవ్వరు లేరా?

భారతీయుడు సినిమా మొదటిసారి చూసింది 1996 ఎండాకాలం సెలవుల్లో, హన్మకొండలో, బాపు (మా నాన్న) పక్కన కూర్చుని. అప్పుడు నాకు పన్నెండేళ్లు. బాపు ఆర్టీసీ డిపోలో మెకానిక్. వారానికి ఒక్కటే సెలవు, ఆ రోజు మధ్యాహ్నం దాకా లేవడు. అలాంటి మనిషి తనంతట తనే "సినిమాకు పోదాం పాండ్రి" అంటే అమ్మకు నమ్మబుద్ధి కాలేదు.

మ్యాట్నీ. హాలంతా ఉక్క. లంచగొండులను వేటాడి చంపే ముసలాయన సేనాపతిది ఈ కథ. ఆయన కూతురు కస్తూరి ఒళ్లు కాలి ఆస్పత్రిలో పడి ఉంటుంది. లంచం ఇస్తే గానీ డాక్టరు చెయ్యి వెయ్యడు, తండ్రి ఇవ్వనంటాడు. ఆ సీను నడుస్తుంటే బాపు నా చెయ్యి పట్టుకుని సీను అయిపోయేదాకా వదల్లేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అంతకు ముందు ఏడాదే నానమ్మ కాలు విరిగితే ఒక ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఎక్స్‌రే గది దాకా స్ట్రెచర్ తోసినతను చెయ్యి చాపితే, అమ్మ బస్సు చార్జీకి దాచుకున్న పైసలు ఇచ్చేసి, రాత్రి ఇంటికి నడిచి వచ్చింది. ఆ హాల్లో అలాంటి కథ లేని ఇల్లు ఒక్కటన్నా ఉండి ఉంటుందా?

బాపును నిజంగా పట్టి కుదిపింది మాత్రం బ్రేకుల సీను. సేనాపతి కొడుకు చంద్రు లంచం తీసుకుని, బ్రేకులు సరిగా లేని బస్సుకు సర్టిఫికెట్ ఇస్తాడు. బడిపిల్లలు చనిపోతారు. బాపు కుర్చీలో ముందుకు వంగి, రెండు చేతులూ ముందు సీటు మీద పెట్టుకుని చూశాడు.

రెండు రోజుల తర్వాత నేను సద్ది డబ్బా ఇవ్వడానికి డిపోకు వెళితే, బాపు ఒక పాత బ్రేక్ లైనర్ తెచ్చి నా ముందు పెట్టాడు. అరచేయంత వెడల్పు, వంపు తిరిగిన నల్లటి పలక. అరిగి అరిగి అద్దంలా మెరుస్తోంది. గ్రీజు పట్టిన బొటనవేలి గోరుతో దాని మీద గీసి చూపించాడు. "ఇగో, ఈ రివిట్ తలకాయ తేలిందంటే లైనర్ అయిపోయినట్టే. ఇంకో నాలుగు ట్రిప్పులు తిరుగుతదని ఎవ్వలన్న అంటే ఇనద్దు బిడ్డా. ఆ పోరడు ఇసొంటిదాని మీదనే సంతకం పెట్టిండు."

అప్పటి నుంచి ఈ సినిమాను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. క్యాసెట్ అరిగేదాకా ఏసుదాస్ పాడిన 'పచ్చని చిలుకలు తోడుంటే' విన్నాం. పెద్దయ్యాక గానీ అర్థం కాని సంగతి ఒకటుంది. తండ్రీ కొడుకూ ఇద్దరూ కమల్ హాసనే. చంపేవాడిదీ చచ్చేవాడిదీ ఒకటే ముఖం. లంచం ఇవ్వనందుకు కూతురు పోయింది, తీసుకున్నందుకు కొడుకును తన చేత్తోనే చంపుకున్నాడు. ఊరిని బాగుచేస్తానన్న మనిషి ముందు తన ఇంట్లోనే రెండు దీపాలు ఆర్పుకున్నాడు. అందుకే ఆయన కోపాన్ని జనం నమ్మారు. కమల్‌కు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది ఈ పాత్రలకే.

ఇక రెండో భాగం. 2024 జూలై 12న విడుదలైంది. మధ్యలో ఇరవై ఎనిమిదేళ్లు. బాపు రిటైరై చాలా కాలమైంది, మోకాళ్లు సహకరించవు. అయినా ఆ ఆదివారం కొత్త చొక్కా వేసుకుని నాకంటే ముందే తయారై కూర్చున్నాడు. మొదటి భాగంలో సేనాపతిని వెంటాడిన సీబీఐ అధికారి కృష్ణస్వామిగా నెడుముడి వేణు కనిపించగానే నా కళ్లు చెమర్చాయి. ఆయన 2021లోనే పోయారు, టెక్నాలజీతో ఆ ముఖాన్ని మళ్లీ తెర మీదకు తెచ్చారు. ఆ కాసేపు మాత్రం పాత సినిమా వాసన తగిలింది.

ఇంటర్వెల్‌లో బాపు పాప్‌కార్న్ ముట్టలేదు. చాలాసేపటికి, "ఆ ముసలాయన ఇంట్ల ఎవ్వరు లేరా?" అని అడిగాడు.

నాకు జవాబు దొరకలేదు. ఇంటికి వచ్చాక కూడా అదే ప్రశ్న తిరిగింది. ఈసారి సేనాపతి ఎక్కడో తైపేలో ఉంటాడు. రమ్మని పిలిస్తే వచ్చి, ముందు మీ మీ ఇళ్లు బాగు చేసుకోండని కుర్రాళ్లకు చెబుతాడు. ఆ మాట విని సిద్ధార్థ్ పాత్ర సొంత తండ్రినే పట్టిస్తాడు, తల్లిని పోగొట్టుకుంటాడు. ఇల్లు కూలింది ఆ పిల్లాడిది. చెప్పిన ముసలాయనకు పోయింది ఏమీ లేదు. మొదటి దాంట్లో మనల్ని ఏడిపించిన బరువంతా తీసి వేరేవాళ్ల నెత్తిన పెట్టారు. ఖర్చు పెరిగింది, ఫైట్లు పెరిగాయి, మర్మకళ (ఒంట్లో ఆయువుపట్ల మీద వేళ్లతో కొట్టే విద్య) దెబ్బలూ పెరిగాయి. కస్తూరి మాత్రం లేదు. సేనాపతి పాత్రను అంతగా ప్రేమించిన దాన్ని కాబట్టి నాకు కోపం కంటే బాధే ఎక్కువైంది.

సీక్వెల్ అంటేనే నాకు పడదని మా తమ్ముడి వాదన. అది నిజం కాదు. దృశ్యం 2014లో వచ్చింది, దృశ్యం 2 2021లో నేరుగా ఓటీటీలో. రెండోదాన్ని ఇంట్లో అందరం కదలకుండా చూశాం. ఏళ్లు గడిచినా హీరో రాంబాబు పెద్ద కూతురు భయంతో వణుకుతూనే ఉంటుంది, పోలీసు జీపు చప్పుడుకు ఇల్లంతా బిగుసుకుపోతుంది. అది అదే ఇల్లు, అదే గాయం. బాహుబలి రెండో భాగం సంగతి వేరు, అది సగంలో ఆపిన కథే. చంద్రముఖికి కొనసాగింపుగా తర్వాత వచ్చినవీ చూశాను, 2005 నాటి సినిమా తప్ప ఏదీ గుర్తు లేదు.

మొన్న దసరా సెలవుల్లో పాత భారతీయుడు మళ్లీ పెట్టుకున్నాం. ఈసారి మా పాప కూడా కూర్చుంది. బ్రేకుల సీను రాగానే బాపు దానికీ రివిట్ల సంగతి చెప్పాడు. చేతిలో లైనర్ లేదు, స్టీలు కంచం అంచు మీద గోరుతో గీసి చూపించాడు.

చివర్లో విమానాశ్రయం సీను వచ్చింది. తండ్రి కొడుకును చంపే చోటు. ఆ సీనుకు బాపు ఎప్పుడూ ఉండడు. 1996లో కూడా బీడీ తాగొస్తానని హాలు బయటికి వెళ్లిపోయాడు. మొన్నా అంతే, గోడ పట్టుకుంటూ లేచి వాకిట్లోకి పోయాడు. కాసేపటికి తలుపు దగ్గర నుంచి అడిగాడు.

"అయిపాయెనా బిడ్డా?"

"అయిపోయింది బాపు, రా" అన్నాను.