ఇంజన్ ఆయిల్ పారబోసే ముందు ఒక్కసారి టెస్ట్ చేయించండి

మా నల్గొండ వైపు కార్లకు అసలు శత్రువు దుమ్ము. దేవరకొండ వైపు ఊళ్లలో మట్టి రోడ్ల మీద తిరిగే బండికీ, విజయవాడ హైవే మీద మాత్రమే పరుగెత్తే బండికీ ఒకే కిలోమీటర్లకు ఆయిల్ మార్చాలనడం నాకు అస్సలు నచ్చదు.

ఆయిల్ నల్లబడిందంటే పాడైపోయిందని కాదు, డీజిల్ ఇంజన్లో అయితే మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. అందుకే పాత ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కు పంపి, అందులో ఏమేం కలిశాయో టెస్ట్ చేయించాలి. ఆ రిపోర్టులో నేను మొదట చూసేది సిలికాన్, అంటే దుమ్ములో ఉండే మూలకం. అది, దాంతోపాటు ఇంజన్ భాగాలు అరిగితే వచ్చే ఇనుము, అల్యూమినియం కూడా పెరిగాయంటే ఎయిర్ ఫిల్టర్ దగ్గరో, దాని పైపు దగ్గరో దుమ్ము లోపలికి పోతోందని అనుమానించాలి. ఇంజన్ విప్పిన కొత్తలో మాత్రం గాస్కెట్ పేస్టు (అతుకుల దగ్గర లీకు కాకుండా పూసేది) వల్ల కూడా సిలికాన్ కనిపిస్తుంది, దానికి టెన్షన్ వద్దు. సోడియం, పొటాషియం ఒక్కసారిగా పెరిగితే ఆయిల్లో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) కలుస్తోందేమో వెంటనే చూపించండి, ఆలస్యం చేస్తే బేరింగులు పోతాయి. ఊళ్లోనే చిన్న చిన్న దూరాలు తిరిగే బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిల్ కార్లలో ఆయిల్లోకి డీజిల్ దిగి పల్చబడటం కూడా ఇందులోనే తెలుస్తుంది.

శాంపిల్ మాత్రం ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు, ఆయిల్ దించేటప్పుడు ధార మధ్యలో, శుభ్రమైన సీసాలో పట్టండి. ఒక్క రిపోర్టుతో తేల్చేయకండి, ప్రతి సర్వీసుకూ అంకెలు రాసిపెట్టుకుని పోల్చుకోండి. వారంటీ ఉన్న బండికి మాత్రం కంపెనీ చెప్పిన గడువు దాటొద్దు.