‘పలుకుతాడా?’ అని అడిగితే

మా చిన్నోడికి ఇరవై రెండు నెలలప్పుడు, ఆటిజం అనుమానం ఉందేమో చూసే ఒక కాగితం మీద ఇరవై ప్రశ్నలకు టిక్కులు పెట్టాను. వాటిలో ఏడు తప్పు. ఆ ఏడు తప్పులు తేలడానికి మాకు ఆరు నెలలు పట్టింది. ఆటిజం గురించి తెలిసినవాళ్లు చాలా రాశారు. నేను రాసేది ఆ కాగితం గురించి, దాన్ని నాతో మళ్లీ చదివించిన ఇద్దరి గురించి.

మాది హాలియా దగ్గర పల్లె. ఏడాది నిండేసరికి వాడు ‘అత్త’, ‘బువ్వ’ అనేవాడు. ఏడాదిన్నరకు ఆ రెండూ పోయాయి. గిన్నె మూతను బొంగరంలా తిప్పి, చెంప నేలకానించి అది ఆగేదాకా చూసేవాడు. మా అత్తమ్మ తేనెలో వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. "మీ ఆయనకు గూడ నాలుగేండ్లకు మాటలొచ్చినయి బిడ్డా, మొగపిల్లలకు లేటే" అంది. ఆమె పుట్టిల్లు మర్రిగూడ వైపు. ఫ్లోరైడు నీళ్లతో నడుములు వంగిపోయిన మనుషుల మధ్య పెరిగింది కాబట్టి నీళ్ల మీదా ఆమెకు అనుమానమే. చెర్వుగట్టు రామలింగేశ్వరుడి గుట్ట మీద మూడు అమావాస్యలు నిద్ర చేసొచ్చాం. ఇవన్నీ చెప్పి ఎవరినీ ఎగతాళి చేయడం లేదు. మేం చేతులు ముడుచుకుని కూర్చోలేదని మాత్రం తెలియాలి.

పిల్లలను పరీక్షించే సర్కారు బండిలో (ఆర్‌బీఎస్‌కే అంటారు) అంగన్‌వాడీకి వచ్చిన డాక్టరమ్మ వాడిని నాలుగుసార్లు పేరు పెట్టి పిలిచి, జిల్లా ఆసుపత్రిలో చూపించమని చీటీ రాసిచ్చింది. ఆ బండి అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లే వస్తుంది. ఆ రోజు వాడికి కొంచెం ఒళ్లు వెచ్చగా ఉంటే పంపాలా వద్దా అని ఆలోచించి, పనులున్నాయని పంపాను. పంపకపోయుంటే అని ఇప్పటికీ తలుచుకుంటే భయమేస్తుంది.

కానీ ఆ చీటీ పట్టుకుని వెళ్లలేదు. మా ఆడపడుచు వాళ్లాయన చెప్పాడని ముందు ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లాం. అక్కడ కౌంటర్‌లోనే ఆ ప్రశ్నల కాగితం చేతికిచ్చి నింపమన్నారు. ‘మీ శిశువు తనకు ఆసక్తికరమైన వస్తువును మీకు సూచించునా?’ అని ఉంది. సూచించడమంటే? కావాల్సినదాని దగ్గరికి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు కదా అని ‘అవును’ పెట్టాను. ‘పేరుతో పిలిచిన ప్రతిస్పందించునా?’ బిస్కెట్ ప్యాకెట్ చప్పుడుకు పరుగెత్తుకొస్తాడు, అదీ అవునే. ‘ఇతర శిశువుల పట్ల ఆసక్తి చూపునా?’ మా అక్క పిల్లలతో వాకిట్లోనే ఉంటాడు. వాళ్లు ఒక మూల, వీడు ఒక మూల. అయినా అవును. అనుమానించాల్సిన జవాబులు లెక్కేసి రెండు వచ్చింది అన్నారు. రెండు దాకా వస్తే భయం లేదట. ఫోన్ ఇవ్వడం తగ్గించండి, అవసరమైతే ఆరు నెలలకు రండి అని పంపారు. ఎంత సంతోషమో చెప్పలేను. దారిలో అరకిలో మైసూర్‌పాక్ కొన్నాం. డాక్టరమ్మ ఇచ్చిన చీటీ క్యాలెండర్ వెనక చేరింది.

ఆరు నెలల తర్వాత ఆ చీటీ తీసుకుని నల్లగొండ వెళ్తే, ముందు చెవులు చూడాలన్నారు. బెరా అనే పరీక్ష. పిల్లాడు నిద్రపోతుంటే తలకు వైర్లు అంటించి చేస్తారు. మాకు హైదరాబాద్‌లో తేదీ దొరికింది. ‘ముందురోజు రాత్రి పన్నెండు దాకా పడుకోనివ్వకండి, తెల్లారి నాలుగింటికి లేపండి, బస్సులో మాత్రం నిద్ర పోనివ్వొద్దు’ అని చెప్పారు. చెప్పినవాళ్లు మూడు గంటలకు పైగా బస్సులో నిద్ర చాలని పిల్లాడిని ఒళ్లో పెట్టుకుని ఎప్పుడైనా కూర్చున్నారో లేదో! మాల్ అనే ఊరు దాటాక వాడి తల వాలిపోవడం మొదలైంది. నీళ్లు చల్లాను, పాటలు పాడాను. ముందు సీటు అవ్వ తన గాజులు ఆడించింది. జీరో టికెట్లు కొట్టుకుంటూ వచ్చిన కండక్టరు విషయం తెలిసి, వాడి చెవి దగ్గర విజిల్ ఊదాడు. బస్సంతా ఉలిక్కిపడింది. వీడు కదల్లేదు. అప్పుడు నా మనసులో అనిపించిన మాట ఒప్పుకోవడానికి సిగ్గేస్తుంది: చెవుడే అయ్యుంటుంది, చెవుడైతే మిషను పెడతారు.

చెవులు బాగున్నాయి అన్నారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

అక్కడి నుంచే మమ్మల్ని ఆటిజం సెంటర్‌కు పంపారు. దాన్ని నడిపేది ఇద్దరు. పిల్లల ఎదుగుదల చూసే డాక్టర్ మేడం ఒకరు, సైకాలజిస్ట్ సార్ ఒకరు. పరిశోధన పని సార్‌ది. వాళ్లిద్దరికీ పడదేమో అనుకున్నాను మొదట్లో. సార్ ఏదైనా కొలిచి, రాసుకుని, అప్పుడు మొదలుపెడదాం అంటారు. మేడం "కొలుచుకుంటూ ఉండండి, నేను ఈరోజే మొదలుపెడుతున్నా" అంటారు. అది కొట్లాట కాదని, వాళ్ల పద్ధతే అంత అని రెండు మూడుసార్లు వెళ్లాక అర్థమైంది.

సార్ పాత క్లినిక్ కాగితం చూసి పక్కన పడేయలేదు. నా ముందు పెట్టి, "పలుకుతాడా అంటే మీరేం అనుకున్నారమ్మా?" అని అడిగారు. బిస్కెట్ సంగతి చెప్పాను. "బిస్కెట్ లేకుండా, వెనక నుంచి, ఉత్త పేరుతో పిలిస్తే?" లేదు. "ఆకాశంలో విమానం పోతుంటే వేలు పెట్టి చూపించి, మీరు చూశారా లేదా అని మీ మొహం వంక చూస్తాడా?" ఎప్పుడూ లేదు. కావాలని అడగడానికి చూపించడం వేరు, చూడమని చూపించడం వేరు అని అప్పుడే తెలిసింది. ఆ రెంటికీ ఆ కాగితంలో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. నాకు రెండూ ఒకటే అనిపించాయి. నా చెయ్యి పట్టి లాగడం ఈ రెంటిలో దేని కిందికీ రాదు. మళ్లీ లెక్కేస్తే తొమ్మిది. ఎనిమిది గానీ ఆపైన గానీ వస్తే ఆగకుండా పూర్తి పరీక్షకు పంపాలి.

నాకు కోపం వచ్చింది. "సార్, మా ఊళ్లో ఎవరూ ‘సూచించునా’ అనరు. వేలు పెట్టి చూపిస్తడా అంటే మా అత్తమ్మ కూడా చెప్పేది" అన్నాను. సార్ నవ్వలేదు. ఒక నోట్‌బుక్ తీసి రాసుకున్నారు. మాట మార్చడం అనుకున్నంత సులువు కాదట. తెలుగులోకి మార్చినదాన్ని వేరేవాళ్లు తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చి చూడాలి, అర్థం మారిందేమో పోల్చాలి, తర్వాత మాలాంటి తల్లుల మీద పరీక్షించాలి. ఆ పనిలో నన్నూ చేరమన్నారు. సంతకం కాగితం మూడు పేజీలు. మా ఆయన "మందుల ప్రయోగమా?" అని అడిగేశాడు. రక్తం తీయరు, మందు ఇవ్వరు, ప్రశ్నలు, వీడియోలే అన్నారు. మేడం ఇంకో మాట చెప్పారు: "సంతకం పెట్టకపోయినా మీ బాబుకు ఇక్కడ థెరపీ ఆగదు. పెట్టి మధ్యలో వద్దనుకున్నా ఆగదు." వారం తీసుకుని సంతకం పెట్టాను.

ఆటిజం పోతుందని ఫోన్‌లో తిరిగే స్టెమ్ సెల్స్ (మూలకణాల) వైద్యం వీడియో మా ఆయన చూపిస్తే మేడం మొహం ఎర్రబడింది. ఆటిజానికి అది వద్దని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పిందని, పొలం అమ్ముకోవద్దని అన్నారు. పొలం సంగతి మేం ఆమెకు చెప్పనే లేదు.

వాడికి మూడేళ్లు నిండాక, ఆటిజం ఎంత ఉందో కొలిచే ఇసా పరీక్ష చేశారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో తయారైనదట అది. నలభై అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. 70 నుంచి ఆటిజం కింద లెక్క. మావాడికి 112, అంటే మధ్యస్థం. ఆటిజం 2016 వికలాంగుల చట్టంలోని 21 రకాల్లో ఒకటి కాబట్టి సర్టిఫికెట్ వస్తుంది. మీసేవలో స్లాట్, క్యాంపు, లైను, ఆ కథ అందరికీ తెలిసిందే. చిన్నపిల్లాడని తాత్కాలికంగా ఇచ్చారు, ఐదేళ్లు నిండాక మళ్లీ వెళ్లాలి. ఆ సర్టిఫికెట్‌తో నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమాకు పెట్టుకున్నాం, ఏడాదికి లక్ష దాకా వైద్యం ఖర్చు ఇస్తారు.

ఈ కాగితాలన్నిటికంటే ముందే, మొదటి రోజే, మేడం నాకు పని చెప్పి పంపారు. మూత వాడికి ఇచ్చేయకుండా నా మొహం పక్కన పట్టుకోవాలి. వాడి చూపు నా కళ్ల మీద ఒక్క క్షణం ఆగగానే ‘మూత’ అని ఇచ్చేయాలి. ఎక్కువసేపు ఏడిపించకూడదు. మూడో రోజు అత్తమ్మ "పసోడితో పంతమెందుకే" అని మూత లాక్కుంది. తర్వాతిసారి ఆమెనూ తీసుకెళ్లాను. మేడం ఆమెకే నేర్పారు. ఇప్పుడు నాకంటే ఆమే బాగా చేస్తుంది. చీర ఉయ్యాల మళ్లీ కట్టాం. ఊపి, ఆపి, వాడు చూసేదాకా ఆగుతుంది.

మొన్న రివ్యూలో కొత్త కాగితం ఇచ్చారు. ‘మీకు చూపించాలని ఏదైనా వేలు పెట్టి చూపిస్తాడా? (కావాలని అడగడానికి కాదు)’ అని ఉంది. లేదు అని టిక్ పెట్టాను, చెయ్యి వణకలేదు. కింద ఖాళీలో ఇలా రాశాను: వరికోత మిషను రోడ్డు మీద పోతుంటే అరచెయ్యి మొత్తం చాపుతాడు. నా వంక చూడడు. నానమ్మ వంక ఒకసారి చూశాడు.

సార్ అది చదివి, "ఆ ఒక్కసారి ఎప్పుడు?" అని అడిగారు. తారీఖు గుర్తు లేదన్నాను. ఈసారి రాసిపెట్టుకోమని ఒక చిన్న డైరీ ఇచ్చారు. ఆఖరి బస్సుకు టైమైంది, అత్తమ్మ అప్పటికే గేటు దగ్గర వాడిని చంకనేసుకుని నిలబడింది.