వేపచెట్టు కింద కానిస్టేబుల్

సంచికకి బడి జ్ఞాపకాలు రాయమన్నారు. మన బడి తలుచుకుంటే నాకు ఆ వెంటనే ఇంకో బడి గుర్తొస్తుంది. రెండూ కలిపే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

2013 మార్చి, టెన్త్ పరీక్షలు. సెంటర్ చుట్టూ 144 సెక్షన్, ఎదురుగా జిరాక్స్ షాపుకి తాళం. వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కానిస్టేబుల్ గారు. ఒళ్లో లాఠీ, కాళ్ల దగ్గర మజ్జిగ సీసా. మన ఊళ్లో చదివినన్నాళ్లూ బడి గేటు దగ్గర పోలీసుని చూసింది ఆ కాసిని రోజులే.

ఆ ఆగస్టులో నాన్న ఉద్యోగం వల్ల అమెరికాలో టెక్సస్‌లోని డాలస్ దగ్గరికి వెళ్లాం. అక్కడి హైస్కూల్లో భోజనాల హాలు గుమ్మం దగ్గర, నడుముకి తుపాకీ, బేడీలతో పోలీసు. ఏదో గొడవ జరిగిందనుకున్నా. కాదు, రోజూ ఉంటాడట. స్కూల్ రిసోర్స్ ఆఫీసర్ అంటారు. 1953లో మిషిగన్‌లోని ఫ్లింట్‌లో మొదలైన పద్ధతి, 1999లో కొలంబైన్ అనే హైస్కూల్లో జరిగిన కాల్పుల తర్వాత ఇంకా పెరిగింది. నాతో మాత్రం ఆయన సరదాగానే ఉండేవాడు.

ఒకరోజు కెమిస్ట్రీ ల్యాబ్ నుంచి నేనూ, నా పార్ట్‌నరూ లేటుగా బయటపడ్డాం. ఇద్దరి దగ్గరా హాల్ పాస్, అంటే క్లాసు టైములో బయట తిరగడానికి ఇచ్చే చీటీ, లేదు. వాడు నల్లజాతి కుర్రాడు, నాకంటే బాగా చదివేవాడు. ఆఫీసర్ నన్ను చూసి తలూపాడు, వాణ్ణి ఆపాడు. బ్యాగు బోర్లించమన్నాడు. కాలిక్యులేటరు, సగం తిన్న చిప్స్ ప్యాకెట్, వాళ్ల చెల్లి గీసిన బొమ్మ నేలమీద పడ్డాయి. ఎవరూ చెప్పకుండానే వాడు రెండు అరచేతులూ కనబడేలా పెట్టి నిలబడ్డాడు. ఎప్పుడు నేర్చుకున్నాడో మరి. నేను ఆగలేదు. క్లాసుకెళ్లి కూర్చున్నాను. వాడికి డిటెన్షన్, అంటే బడిలో అదనంగా ఆపి కూర్చోబెట్టే శిక్ష, పడింది.

2015 సెప్టెంబరులో, మాకు దగ్గర్లోని ఇర్వింగ్‌లో, గడియారం తయారుచేసి బడికి తెచ్చిన పద్నాలుగేళ్ల సూడాన్ కుటుంబపు అబ్బాయికి, ఉత్తుత్తి బాంబు తెచ్చాడన్న అనుమానంతో బేడీలు వేశారు. ఆ వారం మన తెలుగిళ్లల్లో ఒకటే టెన్షన్, "రేపు మన పిల్లలక్కూడా ఇంతేనా?" అని. నాకు మాత్రం ఆ "కూడా" దగ్గర నా ల్యాబ్ పార్ట్‌నర్ కనబడ్డాడు.

మరుసటి నెలే దక్షిణ కరోలినాలో ఒక నల్లజాతి అమ్మాయిని క్లాసులోనే ఒక పోలీసు, ఆమె కూర్చున్న కుర్చీతో సహా వెనక్కి పడేసి ఈడ్చిన వీడియో వచ్చింది. ఆ గదిలో ఇదేం పని అని అరిచిన ఇంకో అమ్మాయినీ అరెస్టు చేశారు. నేనైతే నోరు కూడా తెరవలేదు కదా అనిపించింది.

ఆ తర్వాత లెక్కలు కూడా చూశాను. అమెరికా విద్యాశాఖ 2017-18 లెక్కల ప్రకారం బడిపిల్లల్లో నల్లజాతివాళ్లు 15 శాతం, బడికి సంబంధించి అరెస్టయిన వాళ్లలో దాదాపు 32 శాతం. 2020లో మినియాపొలిస్‌లో పోలీసు చేతిలో నల్లజాతి వ్యక్తి జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత అక్కడి బడులు పోలీసులతో ఒప్పందం రద్దు చేసుకున్నాయి. మా టెక్సస్ మాత్రం, 2022లో ఉవాల్డే ఊరి బడిలో కాల్పులప్పుడు అంతమంది పోలీసులుండీ 77 నిమిషాలు ఆగిపోవడం చూశాక కూడా, ప్రతి బడికీ సాయుధ గార్డు ఉండాలని 2023లో చట్టం చేసింది.

ఇదంతా రాస్తుంటే మళ్లీ ఆ వేపచెట్టే కళ్లముందుకొస్తోంది. కానిస్టేబుల్ గారు ఊరికే కూర్చోలేదు. గేటు దగ్గర సోషల్ వెల్ఫేర్ హాస్టల్ పిల్లల్ని పక్కకి నిలబెట్టి జేబులు, మడిచిన ప్యాంటు అంచులు తడిమారు. నన్ను చూసి, "మాస్టారి మనవడివి కదూ, వెళ్లు బాబూ" అన్నారు.

ఆ రోజు సోషల్ పరీక్ష. నా జామెట్రీ బాక్సులో రెండు స్లిప్పులున్నాయి.