ఆ కారు దొంగ సంగతి

ఇది తేల్చుకోకపోతే నిద్ర పట్టేలా లేదు. మళ్లీ ఫ్రెంచ్ దర్శకుడు క్లూజోనా అంటారని తెలుసు. అవును, మళ్లీ ఆయనే, మళ్లీ 1947 నాటి ఆయన సినిమా ‘కే దెజ్ ఓర్ఫెవ్ర్’.

కథ మీకు తెలిసిందే. పాటలు పాడే జెనీ ముసలి కాముకుడు బ్రిన్యో నెత్తిన షాంపేన్ సీసాతో కొట్టి, చచ్చాడనుకుని పారిపోతుంది. ఆమె అక్కడ వదిలేసిన బొచ్చు శాలువా కోసం ఫొటోగ్రాఫర్ డోరా వెళ్లి, వేలిముద్రలు కూడా తుడిచేసి వస్తుంది. జెనీ మొగుడు మొరీస్ థియేటర్లో నలుగురి కంటా పడి, చాటుగా జారుకుని, పిస్తోలుతో బ్రిన్యో ఇంటికి వెళ్లేసరికి అక్కడ శవం. బయటికొస్తే కారు లేదు. థియేటర్‌కి తిరిగి చేరేసరికి ఆలస్యమైపోయింది, అతను కట్టుకున్న సాక్ష్యం అక్కడే చెడింది.

ఇంత బిగువుగా అల్లిన కథలో చివరికి హంతకుడెవరయ్యా అంటే, కారెత్తుకుపోయిన దొంగ! చంపింది సీసా దెబ్బ కాదు, గుండెలో దిగిన తూటా. ఒళ్లు మండదా మరి? అనుమానించేటంత సేపు ఆ మనిషిని మనకు చూపిస్తే కదా! ఈ సినిమాకి మూలం స్టీమన్ రాసిన డిటెక్టివ్ నవల. అది ఆ రోజుల్లో దొరక్క, క్లూజో గుర్తున్నంత వరకు స్క్రిప్టు రాసుకుంటూ పోయాడు. పుస్తకం చేతికొచ్చేసరికి కథలో హంతకుడే మారిపోయాడు. స్టీమన్‌కి ఇది నచ్చలేదు. ఎందుకు నచ్చుతుంది? డిటెక్టివ్ నవల రాసేవాడికి ముగింపే కదా ప్రాణం.

కానీ ఇక్కడిదాకా రాశాక అనిపిస్తోంది, క్లూజో దాచిందేమీ లేదు. ఆ వేళకి ఆ ఇంటి దగ్గర ఇంకో మనిషి ఉన్నాడని కారు మాయమైనప్పుడే చెప్పేశాడు. మొరీస్ ఎలా తిరిగెళ్తాడా అన్న కంగారులో పడి, కారు తీసిందెవరని మనమే అడగం. ఆధారాన్ని ఆటంకంలా చూపించాడు. ఇది మోసం కాదు, పనితనం. ఆ దొంగకి ఇంకో రెండు నిమిషాలు ఇచ్చి ఉండాల్సిందన్న గుర్రు మాత్రం నాకు పోలేదు.

అసలు ఈ సినిమాలో నాకు ప్రాణం ‘ట్రలలా’ పాట. మ్యూజిక్ పబ్లిషర్ గదిలో పియానో పక్కన మొదలవుతుంది. పాట తెగదు, చోటు మాత్రం మారుతూ ఉంటుంది. రిహార్సల్, ముస్తాబు, ఆఖరికి నిండు హాల్లో వేదిక. జెనీ ఎక్కడి నుంచి ఎక్కడికి ఎదగాలనుకుంటోందో, మొరీస్ ఏం చూసి ఉడికిపోతున్నాడో ఒక్క పాటలో తెలిసిపోతుంది. దీని ముందు హంతకుడెవరైతేనేం అనిపిస్తుంది. ఇన్‌స్పెక్టర్ ఆంత్వాన్‌గా లూయీ జువే గురించి మొదలెడితే తెల్లారిపోతుంది, ఇంకో రోజు.

స్టీమన్ వైపు ఇంత గట్టిగా మాట్లాడాను గానీ, 1942లో ఆయన ఇంకో నవల ‘హంతకుడు 21లో ఉంటాడు’ని సినిమాగా తీసినప్పుడు క్లూజోతో కూర్చుని స్క్రిప్టు రాసింది ఆయనే. ఆ నవల నడిచేది లండన్‌లో, సినిమా నడిచేది పారిస్‌లో. క్లూజో చేతికిస్తే ఊరే మారిపోతుందని ఆయనకి అప్పుడే తెలుసు.