ఫినిష్ లైన్ గొడవలకు మూలం స్టాప్‌వాచ్

స్కూల్ మీట్‌లో 100 మీటర్ల ఫలితం మీద గోల లేస్తే అందరూ ముందు అనేది "మావాణ్ణి కావాలనే తొక్కేశారు" అని. చాలాసార్లు అసలు దోషం వాచీ నొక్కిన తీరులో ఉంటుంది. పరుగు మొదలుపెట్టే పిస్తోలు శబ్దం 100 మీటర్లు దాటి ఫినిష్ లైన్ దగ్గర వాచీ పట్టుకున్నవాళ్లకు చేరడానికి సుమారు 0.3 సెకన్లు పడుతుంది. పొగ చూసి నొక్కాలి, చప్పుడు విని కాదు. ఒక హీట్‌కి (ఫైనల్‌కి ముందు జరిగే తొలి రౌండు పరుగు) పొగ, ఇంకో హీట్‌కి చప్పుడు అయితే టైమును బట్టి ఫైనలిస్టుల్ని ఎంచడం లాటరీయే.

ఒక్కో లేన్‌కి మూడు వాచీలుంటే మేలు: రెండు కలిస్తే అదే టైము, మూడూ వేరైతే మధ్యది. రెండే ఉంటే ఎక్కువ చూపినది. 12.41 వస్తే పై పదో వంతుకు పెంచి 12.5గా రాయాలి, 12.4గా కాదు. ఇక్కడే స్కోరర్లు తరచూ తప్పుతారు.

గీత దాటడం మొండెంతో లెక్క. తల, చేయి ముందుకు చాచినా లాభం లేదు. ఈ సంగతి కోచ్‌లకే తెలియకపోతే పిల్లలనేం అంటాం!

అభ్యంతరం ఉంటే ఫలితం ప్రకటించిన 30 నిమిషాల్లోపు రిఫరీకి చెప్పాలి. బహుమతులు పంచాక అరిస్తే ఎవరూ వినరు.